షూటింగ్ శిక్షణ: గురికి పత్రాలెన్నో, గురువుకు ఏదీ?

పిల్లల్ని షూటింగ్‌లో చేర్పించిన తల్లిదండ్రులు వారం తిరక్కముందే అడిగే మాట ఒకటుంది: "సార్, కోర్సు అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారా?" కరాటేకి బెల్టులున్నాయి, సంగీతానికి డిప్లొమా పరీక్షలున్నాయి, టైపుకి లోయరూ హయ్యరూ ఉండేవి. దీనికీ ఏదో ఒక కాగితం ఉంటుందని వాళ్ల లెక్క. కొన్ని అకాడమీలు ఇస్తాయి కూడా. రంగుల అంచు, మధ్యలో పిల్లవాడి పేరు, కింద సంతకం. అకాడమీ గేటు దాటితే ఆ కాగితానికి విలువ లేదు. విలువున్న పత్రాలు వేరే ఉన్నాయి. వాటిని ఇచ్చేవాళ్లు వేరు, వాటి కోసం నడవాల్సిన దారి వేరు.

షూటర్‌కి చట్టం ఇచ్చే అనుమతి, మార్కు తెచ్చిపెట్టే అర్హత, కోచ్ లైసెన్సు, జడ్జి లైసెన్సు. ఈ నాలుగు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మన దేశంలో షూటర్ చేతిలోని తుపాకీని, అతని మార్కును తనిఖీ చేసే ఏర్పాటు గట్టిగా ఉంది. అతనికి నేర్పే మనిషిని తనిఖీ చేసే ఏర్పాటు కింది మెట్లలో దాదాపు లేనట్టే. పతకాల సంబరంలో ఈ లోటును ఎవరూ పట్టించుకోవడం లేదు. పట్టించుకోవాల్సిన సమయం వచ్చిందన్నది నా వాదన.

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 ఆయుధాల నిబంధనలు ఈ ఆటకు పునాది. 21 ఏళ్లు నిండనివాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్నది చట్టంలోని సాధారణ నియమం. గురి సాధనకు మాత్రం వెసులుబాటు ఉంది. 12 ఏళ్లు దాటిన పిల్లలు పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు. నిబంధనల్లో వీళ్లను జూనియర్ టార్గెట్ షూటర్లు అంటారు. ఇక 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సే అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ ఈ పరిధిలోవే. మన ఊళ్లలో షూటింగ్ నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది 10 మీటర్ల దగ్గరే మొదలుపెట్టడానికి, కొందరు అక్కడే ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

.22 రైఫిల్, 25 మీటర్ల పిస్టల్, షాట్‌గన్‌తో ఆడే ట్రాప్, స్కీట్‌లకు వెళ్లాలంటే లైసెన్సు గడప తొక్కాల్సిందే. దరఖాస్తు చేసేవాళ్లు ఆయుధ భద్రతలో శిక్షణ పొందినట్టు ఫారం ఎస్-1 చూపించాలి. తుపాకీ పట్టుకోవడం, మోసుకెళ్లడం, దాచడం, తూటాల జాగ్రత్త, ఇవన్నీ ఆ శిక్షణలో భాగం. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధన కోసం .22 రైఫిల్‌కి లైసెన్సు అడిగితే, నిరాకరించడానికి చట్టం చెప్పిన కారణాలు లేనప్పుడు మంజూరు చేయాలని 13వ సెక్షన్ చెబుతోంది. పోలీసు విచారణలో ఫైలు నెలల తరబడి నలుగుతూనే ఉంటుంది, అది వేరే కథ. ఆలోగా క్లబ్బు పేరిట ఉన్న ఆయుధంతో, క్లబ్బు రేంజ్‌లోనే సాధన సాగుతుంది.

మార్కు బాగున్నవాళ్లకు చట్టం చూపించే మన్నన తక్కువదేమీ కాదు. 2019 సవరణతో మామూలు పౌరుడి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకి తగ్గించారు. ఆ వెంటనే 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ క్రీడాకారులకు మినహాయింపులు పెంచింది. ఒక విభాగంలో 'రినౌండ్ షాట్' (పేరొందిన షూటర్) హోదా ఉన్నవాళ్లు 8, రెండు విభాగాల్లో అయితే 10, అంతకుమించితే 12 వరకు అదనపు ఆయుధాలు ఉంచుకోవచ్చు. జూనియర్ షూటర్లకు ఒకటి నుంచి రెండుకి పెంచారు. .22 తూటాల పరిమితి 1,000 నుంచి 5,000కి చేరింది. రోజూ వందల తూటాలు కాల్చే ఆటలో వెయ్యి ఏ మూలకు?

ఈ రినౌండ్ షాట్ హోదాయే మన వ్యవస్థలో అసలైన సర్టిఫికెట్. ఇది కోర్సుతో రాదు, మార్కుతో వస్తుంది. జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు తొలి లోక్‌సభ స్పీకర్ జి.వి.మవలంకర్. ఆయన పేరిట జరిగే అఖిల భారత పోటీ నేటికీ జాతీయ చాంపియన్‌షిప్‌కి ప్రధాన ద్వారాల్లో ఒకటి. పిల్లవాడు ముందు రాష్ట్ర సంఘానికి అనుబంధమైన క్లబ్బులో సభ్యుడై, జాతీయ సంఘం ఇచ్చే షూటర్ గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. తర్వాత రాష్ట్ర పోటీలు. అక్కడ నిర్ణీత కనీస మార్కు దాటితే జోన్ స్థాయి పోటీలకో మవలంకర్‌కో వెళతాడు. అక్కడా మార్కు వస్తే జాతీయ చాంపియన్‌షిప్. అందులో రినౌండ్ షాట్ మార్కు అందుకోవాలి. ఆ పైన జాతీయ జట్టు ట్రయల్స్. కనీస మార్కులు, ఎంపిక విధానం ఎప్పటికప్పుడు మారుతుంటాయి. పాత కరపత్రం పట్టుకుని ప్రణాళిక వేసుకుంటే మోసపోతాం.

తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో అడిగేది ఫారం-1, ఫారం-2 వంటివి. దేశం తరఫున అంతర్జాతీయ పోటీలో ఆడితే జాతీయ సంఘం మొదటిది ఇస్తుంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడితే రాష్ట్ర సంఘం రెండోది ఇస్తుంది. ఆడిన పోటీ స్థాయే ఆ కాగితం బరువు. 'మూడు నెలల బేసిక్ కోర్సు' అన్న మాట ఏ ఫారంలోనూ లేదు.

ఈ నిచ్చెనలో నాకు నచ్చేది దాని నిష్పాక్షికత. జిమ్నాస్టిక్స్‌లో, బాక్సింగ్‌లో జడ్జి కన్ను మీద ఎంతో కొంత ఆధారపడక తప్పదు. ఇక్కడ మార్కు మార్కే. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే సగం మిల్లీమీటరు చుక్క. ఎయిర్ పిస్టల్‌లో పది వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 60 షాట్లు, గంటా పావు సమయం. రైఫిల్‌లో ప్రతి షాట్‌కీ దశాంశంతో సహా లెక్క, గరిష్ఠం 10.9. 2018 దాకా మహిళలకు 40 షాట్లే ఉండేవి. ఆ ఏడాది నుంచి వాళ్లకీ 60 అయ్యాయి. ఊరూ పేరూ ఏదైనా, నాన్న ఉద్యోగం ఏదైనా తెర మీద పడే అంకెలో తేడా ఉండదు.

మార్కు ముందు పేరు ఎంత చిన్నదో 2024 పారిస్ ఒలింపిక్స్ ఎంపికలు చూపించాయి. ఒలింపిక్ కోటా దేశానికి వస్తుంది, గెలిచిన మనిషికి కాదు. 2022 ప్రపంచ చాంపియన్ రుద్రాంక్ష్ పాటిల్ ఎయిర్ రైఫిల్‌లో దేశానికి కోటా తెచ్చాడు. ఢిల్లీలో రెండు, భోపాల్‌లో రెండు చొప్పున నాలుగు ట్రయల్స్ పెట్టి, మెరుగైన మూడు మార్కుల సగటు తీస్తే అతను జట్టులో లేడు. సందీప్ సింగ్, అర్జున్ బబుతా వెళ్లారు. కోటా తెచ్చినవాడిని పక్కన పెట్టడం క్రూరం అన్నవాళ్లున్నారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ ఆ నెలలో ఎవరు బాగా కాలుస్తున్నారన్నదే ప్రశ్న అయినప్పుడు ఇంతకన్నా నిజాయతీ గల పద్ధతి నాకు తోచడం లేదు.

మార్కుకి ముందు మరో గడప ఉంది, పరికరాల తనిఖీ. పెద్ద పోటీకి తొలిసారి వెళ్లిన పిల్లలు అసలు పోటీ కన్నా దీనికే ఎక్కువ భయపడతారు. ఎయిర్ పిస్టల్‌ని 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో దింపుతారు. పట్టకపోతే అక్కడికక్కడే సరి. బరువు కిలోన్నర దాటకూడదు. తర్వాత ట్రిగ్గర్. పిస్టల్ గొట్టాన్ని నిటారుగా పైకి నిలిపి, కింద బల్ల మీదున్న 500 గ్రాముల తూకాన్ని ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా పైకెత్తుతారు. తూకం గాల్లోకి లేచినా ట్రిగ్గర్ కదలకూడదు. టక్‌మని విడిపోతే మళ్లీ ప్రయత్నం. మూడుసార్లూ నిలవకపోతే మరను సరిచేయించుకుని మళ్లీ రావాలి. పోటీ అయ్యాక కూడా కొందరిని ఎంచి ఇదే పరీక్ష పెడతారు. అప్పుడు తప్పితే మార్కు మొత్తం పోతుంది. రైఫిల్ వాళ్లకైతే జాకెట్ మందం, బిగువు, బూట్ల అడుగు కూడా కొలుస్తారు. గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూస్తారు, పదేళ్ల గడువు దాటిందా లేదా అని. ఈ బల్ల ముందు ఎలా నిలబడాలో, రాత్రే ట్రిగ్గర్ ఎలా చూసుకోవాలో ఇంటి దగ్గర ఎవరూ చెప్పకపోతే పిల్లవాడి తొలి జాతీయ పోటీ కన్నీళ్లతో మొదలవుతుంది.

నిష్పాక్షికమైన నిచ్చెన అన్నాను. కాకపోతే దాని మొదటి మెట్టు అందరికీ ఒకే ఎత్తులో లేదు. అంతర్జాతీయ స్థాయి ఎయిర్ పిస్టల్, రైఫిల్ వాల్తర్, స్టేయర్, ఫైన్‌వెర్క్‌బావ్, మొరీని వంటి యూరప్ కంపెనీలవి. లక్షల మాట. రైఫిల్‌కి జాకెట్టూ ప్యాంటూ బూట్లూ అదనం. షూటర్ గగన్ నారంగ్ కుటుంబం హైదరాబాద్‌లో ఉన్న స్థలం అమ్మి అతనికి రైఫిల్ కొన్న సంగతి అందరూ ఎరిగిందే. అతను 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. తేలేకపోతే ఆ స్థలం గురించి మనకు తెలిసేది కాదు. అలా అమ్ముకున్నవాళ్లు ఇంకెందరో ఉంటారు.

అందుకే ఈ ఆటలో ప్రభుత్వమో సైన్యమో భారం తలకెత్తుకున్న చోట్ల నుంచి వచ్చినవాళ్లను ప్రత్యేకంగా చూడాలి. లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో రజతం గెలిచిన విజయ్ కుమార్‌ని మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ తయారు చేసింది. భోపాల్‌లోని రాష్ట్ర అకాడమీ పిల్లలకు తుపాకీ, తూటా, బస, కోచ్ అన్నీ తానే ఇచ్చి ఐశ్వరీ ప్రతాప్ సింగ్ తోమర్ లాంటివాళ్లను నిలబెట్టింది. కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే మహారాష్ట్ర క్రీడా ప్రబోధిని పథకంలో పెరిగి, సెంట్రల్ రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా చేరి, 2024 ఆగస్టు 1న పారిస్‌లో 50 మీటర్ల మూడు భంగిమల రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. వీళ్ల ఇళ్లలో ఎవరూ స్థలాలు అమ్మాల్సిన పని పడకూడదన్నదే ఆ ఏర్పాట్ల ఉద్దేశం.

మన దగ్గర? హైదరాబాద్‌కి గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న రేంజ్ పెద్ద దిక్కు. ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ మన ఊరివాడే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడాడు, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చాడు. ఈషా సింగ్ 13 ఏళ్ల వయసులో 2018 జాతీయ చాంపియన్‌షిప్‌లో మహిళల ఎయిర్ పిస్టల్ టైటిల్ గెలిచింది. మను భాకర్, హీనా సిద్ధూ లాంటి అంతర్జాతీయ షూటర్లు ఆడిన పోటీ అది. హాంగ్‌ఝౌలో ఈషా నాలుగు పతకాలు పట్టుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పిస్టల్ పతకాలు సాధించాడు. ప్రతిభకు కొదవ లేదు. భోపాల్ తరహాలో ఖర్చు మొత్తం మోసే రాష్ట్ర షూటింగ్ అకాడమీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కావాలి. మన పతకాల వెనుక ఇప్పటికీ కుటుంబాల జేబులే ఎక్కువగా ఉన్నాయి.

ఇక అసలు విషయం, నేర్పేవాళ్లు.

కుడిచేతి వాటం పిల్ల ఎయిర్ పిస్టల్ కాలుస్తోంది. షాట్లు పదేపదే ఎడమవైపు కిందికి పడుతున్నాయి. ఏడు, ఎనిమిది, మళ్లీ ఏడు. అనుభవం లేని కోచ్ ఏం చేస్తాడు? వెనుక సైట్ స్క్రూలు రెండు క్లిక్కులు తిప్పుతాడు. ఆ పూటకి షాట్లు మధ్యకొస్తాయి, అందరూ సంతోషిస్తారు. మర్నాడు మళ్లీ చెల్లాచెదురు. తెలిసిన కోచ్ సైట్ జోలికి పోడు. పిల్లని పక్కకి తిరగమని, పిస్టల్ తనే లోడ్ చేసి చేతికిస్తాడు. కొన్నిసార్లు పెల్లెట్ పెట్టి, కొన్నిసార్లు పెట్టకుండా. ఏది ఎప్పుడో ఆమెకు తెలియదు. పెల్లెట్ లేని వంతులో ట్రిగ్గర్ లాగిన క్షణాన గొట్టం మూతి చటుక్కున కిందికి వంగుతుంది. షాట్ పేలుతుందని ముందే ఊహించి మణికట్టు బిగిస్తోందన్నమాట. తప్పు సైట్‌లో లేదు, చేతిలో ఉంది. ఆ వంపును ఆమె తన కళ్లతో తానే చూస్తుంది. అక్కడి నుంచి వారాల తరబడి పెల్లెట్ లేకుండా, తెల్ల గోడ వైపు డ్రై ఫైరింగ్. చూపు ముందు సైట్ మీద, ట్రిగ్గర్ మీద ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతూ, షాట్ వెళ్లాక కూడా చెయ్యి అలాగే నిలిచి ఉండేలా. చూసేవాళ్లకి విసుగు పుట్టే పని అది. మార్కు పుట్టేది మాత్రం దానిలోంచే.

ఈ ఇద్దరు కోచ్‌ల మధ్య తేడాని మన వ్యవస్థ ఏ కాగితంతోనూ చెప్పదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య అకాడమీకి కోచ్ లైసెన్సుల క్రమం ఉంది. డితో మొదలై సి, బి మీదుగా ఎ దాకా. మన జాతీయ సంఘం కూడా కోచ్‌లకు కోర్సులు, పరీక్షలు నిర్వహిస్తోంది. కాబట్టి దారి లేదని కాదు. ఆ దారిలో నడవకుండానే పిల్లల చేతికి పిస్టల్ ఇవ్వొచ్చు, అదీ చిక్కు. ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా. ఓ హాలు, నాలుగు లేన్లు, టార్గెట్ లాగే తాడూ చక్రం ఉంటే 10 మీటర్ల అకాడమీ బోర్డు లేస్తుంది. అక్కడ నేర్పేవాళ్లు చాలామంది మాజీ షూటర్లు, కొందరు నిజంగా మంచివాళ్లు, అంకితభావం ఉన్నవాళ్లు. కానీ వాళ్ల మంచితనం మన అదృష్టం, వ్యవస్థ ఇచ్చిన హామీ కాదు.

పై అంతస్తులోనూ కోచ్‌ల విషయం తేలిగ్గా ఏమీ సాగలేదు. 2016 రియో ఒలింపిక్స్ షూటింగ్‌లో ఒక్క పతకమూ రాకపోయాక జాతీయ సంఘం షూటర్ అభినవ్ బింద్రా నేతృత్వంలో కమిటీ వేసింది. శిక్షణ పద్ధతులను, ఎంపికలను, అలసత్వాన్ని ఆ నివేదిక కటువుగానే విమర్శించింది. జూనియర్ జట్లను జస్పాల్ రాణా, సుమా శిరూర్, దీపాలీ దేశ్‌పాండే లాంటి మాజీ షూటర్లకు అప్పగించిన ఫలితం తర్వాతి తరంలో కనబడింది. కానీ పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలుస్తున్నప్పుడు ఆమె కోచ్ జస్పాల్ రాణా ప్రేక్షకుల మధ్య కూర్చుని ఉన్నాడు. వ్యక్తిగత కోచ్‌కి జట్టులో చోటేమిటన్న ప్రశ్నకు మన దగ్గర స్థిరమైన జవాబు లేదు. అంత పెద్ద కోచ్ సంగతే అలా ఉంటే, జిల్లా కేంద్రంలో పదిమంది పిల్లలకి నేర్పే మనిషి హోదా గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఈ విషయంలో జర్మనీ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడి షూటింగ్ సమాఖ్య 1861లో గోథా పట్టణంలో పుట్టింది. క్లబ్బులు పల్లెపల్లెనా ఉంటాయి. సొంత తుపాకీ కావాలంటే ఏడాది పాటు క్లబ్బులో క్రమం తప్పకుండా సాధన చేసిన రుజువు, ఆయుధ పరిజ్ఞాన పరీక్ష ఉండాలి. 2002లో ఎర్‌ఫుర్ట్ పాఠశాలలో జరిగిన కాల్పుల తర్వాత నిబంధనలు బిగించి, 25 ఏళ్ల లోపువాళ్లు తొలిసారి తుపాకీ కోరితే మానసిక పరీక్ష పత్రం కూడా అడుగుతున్నారు. ఇదంతా షూటర్ వైపు. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది మరొకటి. 12 ఏళ్లు దాటిన పిల్లలు ఎయిర్ గన్, 14 దాటినవాళ్లు చిన్న బోరు తుపాకీ కాల్చేటప్పుడు పక్కన వాళ్ల సంరక్షకులైనా ఉండాలి, లేదా పిల్లలతో పనిచేయడానికి తగినవాళ్లని తేలిన పర్యవేక్షకులైనా ఉండాలి. ఇది క్లబ్బు నియమం కాదు, ఆయుధాల చట్టంలోనే రాసి ఉంది. ఆ అర్హత కోసం సమాఖ్య యువజన ప్రాథమిక లైసెన్సు ఇస్తుంది. దాని పైన శిక్షకులకు సి, బి, ఎ అంచెల లైసెన్సులు. తుపాకీ సంగతి తెలిస్తే చాలదు, పిల్లల సంగతి తెలియాలి అన్నది అక్కడి చట్టం ఉద్దేశం.

బ్రిటన్ ఇంకో కొసకు పోయింది. 1996లో డన్‌బ్లేన్ బడిలో జరిగిన ఘోరం తర్వాత చేతి తుపాకులను నిషేధించింది. అక్కడి పిస్టల్ షూటర్లు విదేశాలకు వెళ్లి సాధన చేయాల్సి వచ్చింది. 2012 ఒలింపిక్స్ కోసం ప్రత్యేక అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది. అమెరికాలో రైఫిల్ కాలేజీ ఆట. 1980 నుంచి జాతీయ కాలేజీ చాంపియన్‌షిప్ జరుగుతోంది, అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే పోటీలో కాలుస్తారు. మనకు ఇవి రెండూ సరిపోవు. మన చట్టం ఇప్పటికే తగినంత కట్టుదిట్టంగా ఉంది, మన కాలేజీల్లో రేంజ్‌లు అరుదు.

పిల్లలతో పని అన్నప్పుడు మరో సంగతి దాటవేయలేం. ఎయిర్ రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. నిలబడి కాల్చే భంగిమలో నడుము వెనక్కి, పక్కకి ఒరుగుతుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పన్నెండేళ్ల పిల్లని రోజుకి మూడు గంటలు అలా నిలబెట్టి, వెన్నుకి ఎదురు వ్యాయామం చేయించని కోచ్ ఆమె మార్కు పెంచుతూ నడుము పాడుచేస్తున్నాడు. పైగా రేంజ్‌లో పిల్లలు కోచ్‌తో గంటల తరబడి ఒంటరిగా గడుపుతారు. భుజం సర్దడం, మోచెయ్యి సర్దడం శిక్షణలో భాగం. ఎక్కడ తాకాలి, ఎలా అడిగి తాకాలి, తల్లిదండ్రులకు ఏం చెప్పాలి అన్నది కోచ్ నేర్చుకుని, పరీక్ష రాసి, సంతకం పెట్టాల్సిన విషయం. దీన్ని మనుషుల సంస్కారానికి వదిలేయడం నాకు భయం కలిగిస్తుంది.

జడ్జిల దారి కాస్త మెరుగ్గా ఉంది. జాతీయ సంఘం కోర్సులతో మొదలై, అంతర్జాతీయ సమాఖ్య బి లైసెన్సు, ఆ పైన ఎ లైసెన్సు. రైఫిల్, పిస్టల్, షాట్‌గన్, పరికరాల తనిఖీ అంటూ విభాగాలు వేరు. కొన్నేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గగన్ నారంగ్‌తో కలిసి 2011లో గన్ ఫర్ గ్లోరీ అకాడమీ పెట్టిన పవన్ సింగ్ టోక్యో ఒలింపిక్స్ జ్యూరీలో పనిచేశారు. మార్కు ఒకచోట ఆగిపోయి, ఆట మాత్రం వదల్లేని యువతకి ఇది గౌరవమైన దారి. మన రాష్ట్రాల్లో దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

దివ్యాంగ షూటర్లకు వీటన్నిటికీ ముందు వర్గీకరణ పత్రం కావాలి. తుపాకీ బరువు తానే మోయగలిగితే ఎస్‌హెచ్1, స్టాండ్ ఆసరా కావాల్సి వస్తే ఎస్‌హెచ్2. టోక్యో, పారిస్ పారాలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన అవనీ లేఖరా ఎస్‌హెచ్1. వినికిడి లేనివాళ్లది మరో లోకం. రేంజ్‌లో లోడ్, స్టార్ట్, స్టాప్ అన్నీ నోటి ఆజ్ఞలే. డెఫ్లింపిక్స్‌లో వాటికి బదులు దీపాలు వెలుగుతాయి. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లోనూ, 2025 టోక్యోలోనూ ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. వినబడే షూటర్లతో కలిసి మామూలు జాతీయ పోటీల్లోనూ ఆడాడు. అలాంటి పిల్లవాడికి నేర్పడానికి ఎంత నైపుణ్యం కావాలి! ఆ నైపుణ్యానికీ మన దగ్గర ప్రత్యేక లైసెన్సంటూ లేదు.

జరగాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. రాష్ట్ర రైఫిల్ సంఘాలకు క్లబ్బులను అనుబంధంగా చేర్చుకునే అధికారం ఇప్పటికే ఉంది. చేర్చుకునేటప్పుడే ప్రతి క్లబ్బులో కనీసం ఒక్కరికైనా జాతీయ సంఘం కోచ్ సర్టిఫికెట్ ఉండాలని షరతు పెట్టొచ్చు. పాతవాళ్లకి రెండు మూడేళ్ల గడువు ఇవ్వొచ్చు. పిల్లల భద్రత మీద ఒక రోజు తరగతి, ప్రథమ చికిత్స, ఎదిగే వయసు శరీరం మీద కొన్ని పాఠాలు ఆ కోర్సులో చేర్చొచ్చు. అర్హత ఉన్న కోచ్‌ల పేర్లు, లైసెన్సు గడువు తేదీలు సంఘం వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టొచ్చు. రాష్ట్ర క్రీడా సంస్థలు కోర్సు ఫీజులో సగం భరించినా, జిల్లాల్లో నేర్పుతున్నవాళ్లు ఢిల్లీకో పుణెకో వెళ్లి రాగలుగుతారు. ఈలోగా పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న మారాలి. "మా పిల్లకి సర్టిఫికెట్ ఇస్తారా" అని కాక, "మీ కోచ్‌కి ఏ సర్టిఫికెట్ ఉంది, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది" అని అడగాలి. సమాధానం చెప్పడానికి తడబడిన చోట ఫీజు కట్టకుండా ఇంకో రేంజ్ చూసుకోవాలి.